మేము – మనము – మీరు

గడచిన మిరపకోతల కాలమున సింగరాయకొండకు పడమటనున్న యొక పల్లెలో, బంధువుల యింట నాలుగు దినము లుండవలసి వచ్చెను. కల్లమునిండ ఎఱ్ఱని కాయ ఆరబోసియుండెను. పదిపండ్రెండుమంది స్త్రీలు వరుసగా కూర్చుండి తాలుకాయ నేఱుచుండిరి. ప్రొద్దు వాలునప్పటికి సముద్రపు దిక్కున మబ్బు క్రమ్మెను. ఆ కూలిముఠాకు పెద్దయైన ముసలమ్మ, అఱువదియేండ్లకు తక్కువ వయసుండదు, అందఱికంటె ముందు లేచి, "మబ్బు పట్టింది, మన కాయ తడిసిపోద్ది, పరదాలు తెండర్రా!" అని కేకవేసెను. ఆ యింటి మనుమడు, పదియేండ్లవాడు, అరుగుమీదనుండి నవ్వి, "మన కాయేంటే? మా కాయ!" అనెను. "అవునయ్యా, మీ కాయే" అని యామె బదులు చెప్పి, చెప్పుచునే పరదా లాగి కప్పెను. కాయ తడియలేదు.

రాత్రి భోజనములయొద్ద ఈ సంగతి నేను కదపితిని. ఇంటి పెద్ద యిట్లనిరి: "వాడన్నదానిలో తప్పేమున్నది? పొలము మాది, పెట్టుబడి మాది, కాయ మాది. 'మా కాయ' యనుట వ్యాకరణమునకు కూడ సరియే. సర్వనామములకు సైతము సంఘసంస్కరణ యేమిటండీ?" అప్పుడు నాకు తగిన యుత్తరము తోచలేదు. కల్లమువద్ద బాలుని మాట విన్నప్పుడును ఊరకుంటిని. ఆ రెండుమారులు మాటాడకపోయినందుకు ప్రాయశ్చిత్తముగా ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

ఆ మూడు వాక్యములను మరల చూడుడు. ముసలమ్మ 'మన' యనినది. తెలుగున 'మన' యన్నచో వినువాడును అందు చేరినవాడే; 'మా' యన్నచో వినువానికి అందు చోటు లేదు. బాలుడు ఆ 'మన'ను 'మా'గా దిద్దెను. దిద్దుటలో అవ్వయీడుదానిని 'ఏమే' యను పిలుపుతో సమానమైన ఏకవచనమున సంబోధించెను. ఆమె బదులు చెప్పునప్పుడు పదియేండ్ల పసివానిని 'మీ' యనినది. 'మీ' బహువచనము, ఎదుటనున్నవాడు ఒక్కడు. మూడు చిన్న వాక్యములలో, ఎవరు లోపలివారు, ఎవరు వెలుపలివారు, ఎవరు పెద్ద, ఎవరు చిన్న యను తీర్పంతయు జరిగిపోయినది. దస్తావేజు చూడనక్కఱలేకపోయెను, కరణమును పిలువనక్కఱలేకపోయెను. ఇంత పని చేయు మాటలను 'ఉత్త సర్వనామములు' అని త్రోసివేయుట యెట్లు?

మేము, మనము అను భేదము లోకమునం దన్ని భాషలకు లేదు. సంస్కృతమున 'వయమ్' ఒక్కటియే. ఇంగ్లీషున 'వుయ్' ఒక్కటియే. హిందీలో 'హమ్' ఒక్కటియే. ఆ భాషలలో ఒకడు 'రేపు పోవుదుము' అని చెప్పినచో, వినువాడు తానును మూట కట్టుకొనవలెనో లేదో సందర్భమునుబట్టి యూహించుకొనవలసినదే. తెలుగువానికి ఆ బాధ లేదు. తమిళులకు 'నాంగళ్', 'నామ్' అని రెండు కలవు. మలయాళులకు 'ఞంగళ్', 'నమ్మళ్' కలవు. మన పొరుగుననే కన్నడమున ఈ భేదము పోయి, నేటి భాషలో 'నావు' ఒక్కటి మిగిలినది. ఆర్యభాషలైన మరాఠీ, గుజరాతీలలో మాత్రము 'ఆమ్హీ – ఆపణ్', 'అమే – ఆపణే' అని యీ భేదము నెలకొన్నది. కనుక నిది రక్తముతో వచ్చిన జాతిగుణము కాదు. ఒక భాష సంపాదించుకొనును. ఇంకొక భాష పోగొట్టుకొనును.

మన మాటలు సైతము ఆదినుండి యిప్పటి రూపముననే యున్నవి కావు. దక్షిణదేశ భాషలు సంస్కృతమునుండి పుట్టినవి కావనియు, తమలో తాము ఒక కుటుంబమనియు ఎల్లిసు దొర 1816లో చూపెను. కాల్డ్వెల్ 1856లో ఆ కుటుంబమునకు వ్యాకరణము వ్రాసెను. ఆ మార్గమున నడచి, 2003లో ద్రావిడభాషలపై సమగ్రగ్రంథము వెలువరించిన భద్రిరాజు కృష్ణమూర్తిగారు మన ఒంగోలున 1928లో జన్మించినవారే. ఈ భాషావేత్తలు చెప్పునదేమన, ప్రాచీనాంధ్రమున 'ఏను', 'ఏము', 'ఈరు' అను రూపము లుండెడివి. నన్నయ కాలపు భాషలో నవి కనబడును. 'నా', 'మా', 'మీ' అను రూపములలోని తొలి హల్లు ప్రాకి, నేను, మేము, మీరు అను నేటి రూపములు స్థిరపడినవి. ఇంటి పెద్దగారు అనాదియని తలచు 'మీరు' సైతము ఒకనాడు పాత మాటను త్రోసి వచ్చిన క్రొత్త మాటయే.

ఈ సంగతి యింకను విశదమగుటకు చీనా భాషను చూడుడు. అది మన కుటుంబమునకు చెందినది కాదు. ప్రాచీన చీనాభాషలో 'వొ' యన్నచో 'నేను' కావచ్చును, 'మేము' కావచ్చును. బహుత్వమును తప్పక చెప్పవలెనన్న నియమము లేదు. చెప్పదలచినప్పుడు 'జట్టు', 'తరగతి', 'తరము' అను నర్థము గల పదములను ప్రక్కన చేర్చెడివారు. నేడు ప్రతి చీనా బాలుడును పలుకు 'వొమెన్' (మేము), 'నీమెన్' (మీరు), 'తామెన్' (వారు) అను మాటలలోని 'మెన్' ప్రత్యయము తాంగు వంశపు కాలమున పొడసూపి, సుంగు వంశపు కాలమున వ్యాపించినది. అది జనుల వాడుకలో పుట్టిన మాట యగుటచే దానికి నియతమైన లిపి లేకుండెను. తొలుత ఒక్కొక్క లేఖకు డొక్కొక్క యక్షరముతో వ్రాసెను; మంగోలులు ఏలిన కాలమున 'మెయి' యను వేఱొక యక్షరముతో వ్రాసిరి; పిమ్మటనే నేటి యక్షరము నిలిచినది. దాని మూలమును గూర్చి పండితులలో నేకాభిప్రాయము లేదు. వర్గమను నర్థముగల 'బెయి' యను పదమునుండి వచ్చెనని కొందఱు. ద్వారము, ఇల్లు అను నర్థముగల 'మెన్' నుండి వచ్చెనని మఱికొందఱు. ఏ పక్షము నిజమైనను, మామూలు నామవాచకమును జనులు అరుగదీసి సర్వనామమునకు తోకగా చేసికొనిరన్నమాట నిజము.

అంతకంటెను మనకు పనికివచ్చు విషయ మొకటి కలదు. ఉత్తర చీనావారికి మనవలెనే రెండు 'మనము'లు కలవు. వినువానిని కలుపుకొన్నచో 'జాన్‌మెన్', కలుపుకొననిచో 'వొమెన్'. ఇందు 'జాన్' అనునది 'తనవారు, తామే' యను నర్థముగల 'జుజియా' యను రెండక్షరముల మాట కుదించుకొనగా నేర్పడినది. ఈ భేదము సుంగు, జిన్, యువాన్ రాజ్యముల కాలమున ఉత్తరదేశమున స్థిరపడినది. ఆ కాలమున ఆ ప్రాంతమును ఏలిన జుర్చెనులు, మంగోలులు మాటలాడిన భాషల సాంగత్యముచే నిది బలపడెనని పలువురి మతము. దక్షిణ చీనావారు పలువురు నేటికిని 'వొమెన్' ఒక్కదానితోనే గడపుకొందురు. చూచితిరా! వ్యాకరణమందలి యీ భేదము గూడ ఇరుగుపొరుగు, రాకపోకలు, రాజ్యములు కలిసి చేసినదే. మనుష్యులు చేసినదానిని మనుష్యులు విమర్శింపవచ్చును, వాడుకను దిద్దుకొనవచ్చును.

ఇక 'మీరు' సంగతి. ఒక్కనిని బహువచనమున పిలుచుట మర్యాద యని మనవారికి చిన్ననాటినుండి నేర్పుదురు. ఇది మన యొక్కరి సొత్తు కాదు. రోము సామ్రాజ్యపు చివరి కాలమున చక్రవర్తులను బహువచనమున సంబోధించు నాచారము ప్రబలి, ఐరోపా భాషలకెల్ల వ్యాపించెను. ఫ్రెంచివారి 'వూ', ఇంగ్లీషువారి 'యూ' మొదట బహువచనములే. జిన్, యువాన్ కాలముల చీనా నాటకములలో, పాటలలో 'మీరందఱు' అను నర్థమున వాడిన 'నిన్' అను నక్షరముతోనే నేడు పెకింగువారు పెద్దవాని నొక్కనిని గౌరవముతో పిలుతురు. నేటి 'నిన్' ఆ పాత బహువచనపు సంతతియే యని కొందఱును, 'నీ' యను మాటకు పెద్దఱికపు పదము చేరి యేర్పడినదని కొందఱును చెప్పుదురు. తమిళమున 'నీ'కి బహువచనము 'నీర్'. అది ఒక్కనికి గౌరవముగా వాడబడి వాడబడి అరిగిపోగా, దానికి మరల 'కళ్' చేర్చి 'నీంగళ్' అనిరి. నేడు ఆ 'నీంగళ్' కూడ ఒక్కనికే గౌరవముగా చెల్లుచున్నది. మనమును 'మీరు' ఒక్కనికిచ్చి వేసితిమి గనుకనే, నిజముగా పలువురున్నప్పుడు 'మీరందఱు', 'మీరంతా' యని తోక తగిలించుకొనుచున్నాము. 'వారు' ఒక్క పెద్దమనిషికి పోయినది. పలువురికి 'వాళ్ళు' మిగిలినది.

ఈ మర్యాద మన సంప్రదాయమునకు పునాది యనువారి కొక ప్రశ్న. నన్నయభట్టు భారతమున రాజులను, ఋషులను 'నీవు' అనియే సంబోధించుట మీరెఱుగరా? తొమ్మిదవ శతాబ్ది మధ్యమున చెక్కిన అద్దంకి శాసనము మన ప్రాంతపుదే. బోయకొట్టములను గెలిచి, మన కందుకూరును బెజవాడకు సాటిగా నిలిపిన పండరంగని విజయములను ఆ పద్యశాసనము కీర్తించుచున్నది. అంతటి సేనానికి అందు వాడిన క్రియ 'కావించె' నను ఏకవచనమే. నేడు ఒక మండలపు గుమాస్తా వచ్చిన 'వచ్చిరి' యందుము. కోటలు పట్టిన పండరంగనికి 'కావించె' చాలినది. ఏకవచనము ఆనాడు అవమానము కాదు. దానిని అవమానముగా చేసినవారు తరువాతివారు. తమకు బహువచనము నుంచుకొని, పనిచేయు చేతులకు ఏకవచనమును విడిచినవారు.

ఇందులకు నా ప్రతివాదులు మూడు సమాధానములు చెప్పుదురు. వానిని వరుసగా విచారింతము.

మొదటిది: "ఏకవచనము ప్రేమకు గుర్తు. తల్లిని 'నువ్వు' అందుము. దేవుని 'నీవు' అందుము. కూలివానిని 'నువ్వు' అనుట ఆప్యాయత కాదా?" తల్లి బిడ్డను 'నువ్వు' అనును; బిడ్డ తల్లిని 'నువ్వు' అనును. ఆ మాటకు పోవుటయు కలదు, తిరిగివచ్చుటయు కలదు. స్నేహితు లిరువురును ఒండొరులను 'ఒరే' యనుకొందురు. ఇక్కడ పరీక్ష యొక్కటే: నీ వన్న మాటను అతడు తిరిగి నీతో ననగలడా? కల్లములో ఆ ముసలమ్మ బాలునితో 'నీ కాయేరా' యనియుండిన, ఆ పూటకూలి దక్కియుండునా? తిరిగిరాని ఏకవచనము ఆప్యాయత కాదు, అధికారము. 1960లో రోజర్ బ్రౌన్, ఆల్బర్ట్ గిల్మన్ అను నమెరికా పండితులు ఐరోపా భాషల సర్వనామములను పరిశీలించి, ఈ విషయమునే చెప్పిరి: ఇరువైపుల సమానముగా చెల్లు సర్వనామము సాన్నిహిత్యమునకును, ఒకవైపే చెల్లునది అధికారమునకును చిహ్నము.

రెండవది: "అందఱిని 'మీరు' అన్నచో పెద్దచిన్న తారతమ్యము నశించి, మర్యాద మంట గలియును." ఇంగ్లీషుదేశమున పదునేడవ శతాబ్దమున జార్జి ఫాక్సు అను నతడును, క్వేకరులను పేరుగల అతని సహధర్ములును, ధనికుడైనను దరిద్రుడైనను, న్యాయాధిపతియైనను, ప్రతివానిని 'దౌ' అను ఏకవచనముననే పిలుతుమని పట్టుబట్టిరి. దెబ్బలు తినిరి, తిట్లు పడిరి. ఫ్రెంచి విప్లవకారులు 1793లో అందఱును 'తూ' యనవలెనని యుద్యమించిరి. అది కొన్నాళ్ళే నిలిచెను. స్వీడనువారు 1960ల చివర పెద్దలను చిన్నలను ఒక్కటే 'దూ' తో పిలుచుకొనుటకు మొదలిడిరి. అది నేటికిని నిలిచియున్నది. ఇంగ్లీషువారు వేఱుదారి పట్టిరి. 'దౌ' వాడుకలోనుండి జారిపోయి, రాజును సేవకుడును గూడ 'యూ' అయిరి. వీరిలో నెవరికిని మర్యాద నశించినట్లు లేదు. పెద్దఱికము పెద్దల నడవడిలో నున్నచో సర్వనామము దానిని చెఱుపలేదు. సర్వనామములోనే యున్నచో అట్టి పెద్దఱికము నిలువనక్కఱలేదు.

సమతకు ఈ విధముగా రెండు దారులు కలవు: అందఱిని 'నీవు' అనుట, అందఱిని 'మీరు' అనుట. మన దేశమున మొదటిదారి నేను కోరను. 'అందఱును నీవే' యని మనము తీర్మానించిన, ఆ తీర్మానము రైతు గుమ్మము దాటదు. కూలివాని నెత్తిననే కూర్చుండును. అదివఱకే దినమునకు నూఱుమారులు ఏకవచనము వినువానికి ఇంకొక ఏకవచనమిచ్చుట సంస్కరణ కాదు. దించుట సులభము కాని చోట ఎత్తుట మేలు. 'మీరు' అనుటకు ఖర్చు లేదు, ఇచ్చినవానికి తఱుగదు.

మూడవది: "మాట మారిన కూలి పెరుగునా? కడుపు నిండునా?" నిండదు. కూలికి బదులుగా మర్యాద నిచ్చి సరిపుచ్చుకొండని చెప్పువాడు మోసగాడు. నేను చెప్పునది అది కాదు. కూలిరేటు మాట్లాడుకొనుటయు మాటలతోనే. 'ఏమే' యని పిలువబడునది 'ఇంత యిచ్చెదరా' యని తలయెత్తి అడుగుట కష్టము; అడిగిన 'నోరు లేచిన' దందురు. మాట్లాడుటకు సాటిమనిషిగా నిలిచిన పిమ్మటనే బేరము బేరమగును. అది లేనిచో భిక్షమగును.

స్త్రీలవిషయమున మన భాషలో ఇంకొక చిక్కు కలదు. చిన్నయసూరి బాలవ్యాకరణమున మహత్తు, మహతి, అమహత్తు అను విభాగములు మన మందఱము చదివినవే. ఒక స్త్రీ వచ్చిన 'వచ్చినది'. ఆవు వచ్చిన 'వచ్చినది'. బండి వచ్చిన 'వచ్చినది'. ఇద్దఱు స్త్రీలు వచ్చిన 'వచ్చినారు', పురుషులతో సమానము. ఒంటరి స్త్రీని వస్తువులలో చేర్చి, జంటగా వచ్చినచో మనుష్యులలో చేర్చెడి యీ పద్ధతిని చూపి, తెలుగుభాషయే స్త్రీద్వేషి యని కొందఱు తొందరపడి నిందింతురు. నేను అంగీకరింపను. స్త్రీకి 'అవళ్' అని వేఱు సర్వనామమున్న తమిళ కన్నడ దేశములలో స్త్రీలు మనకంటె ముందే స్వతంత్రులయిరా? వ్యాకరణము నేరము చేయలేదు. నేరము ఎన్నికలో నున్నది. ఒక స్త్రీని చెప్పుటకు తెలుగున 'అది' కలదు, 'ఆమె' కలదు, 'ఆవిడ' కలదు, 'వారు' కలదు. మన యింటి కోడలికి 'ఆవిడ', చాకిరి చేయుదానికి 'అది' యని యేరుకొనువాడు వ్యాకరణమువంక వ్రేలు చూపుట అన్యాయము. 'ఆయన వచ్చిరి, ఆమె వచ్చినది' యని ఒక్క యింటి దంపతులకే రెండు క్రియలు పలుకుట యెంతవఱకు న్యాయము? 'ఆమె వచ్చిరి' యన్నచో నాలుక చీలిపోదు. నేడు పలువు రట్లనుచునే యున్నారు.

ఇచ్చట మరల చీనావారి యనుభవ మొకటి గమనింపదగినది. వారి భాషలో అతడు, ఆమె, అది మూడును 'తా' యనియే పలుకబడును. 1920 ప్రాంతమున ల్యూ బాన్‌నోంగు అను కవి 'ఆమె'కు ప్రత్యేకముగా, స్త్రీచిహ్నము గల యక్షరమును వాడుకలోనికి తెచ్చెను. అది స్త్రీకి గౌరవమని పలువురు మెచ్చిరి. కాని 1930ల దశకమున ఒక స్త్రీలపత్రిక ఆ యక్షరమును వాడ నిరాకరించెను. పాత యక్షరమున 'మనిషి' చిహ్నముండగా, దానిని తీసి 'స్త్రీ' చిహ్నముంచుట వలన పురుషుడు మాత్రమే మనిషి యైనట్లు కాలేదా యని యా స్త్రీలు ప్రశ్నించిరి. చివరకు ఆ యక్షరమే నిలిచినది. ఎవరి పక్షము సరియన్నది యటుండనిండు. ఒక సర్వనామమును గూర్చి ఒక దేశపు విద్యావంతు లంత తీవ్రముగా వాదించుకొనిరి. వారిని చూచి, పని లేనివారని యెవరును నవ్వలేదు.

ఇప్పుడు మొదటి మాటకు, 'మన'కు, వత్తును. ఇంత చక్కని మాట యున్న జాతి దానిని దేనికి వాడుచున్నది? రైలులో ఎదుటివాని కులము తెలిసికొనదలచిన పెద్దమనిషి 'మనవాళ్ళేనా?' యని యడుగును. పెండ్లిసంబంధము చెప్పువాడు 'మనవాళ్ళే' యనును. వినువానిని లోపలికి చేర్చుకొనుటకై పుట్టిన సర్వనామము ఊరిలో మూడువంతుల జనమును వెలుపల నుంచుటకు సంకేతమైనది. ఇది 'మేము' చేసిన పాపముకంటె గొప్ప పాపము. 'మేము' తలుపు వేసియున్నట్లు చెప్పియే వేయును. ఈ 'మన' తలుపు తెఱచియున్నదని చెప్పి, గడపలో కులము నడుగును. సభలలో 'మనము త్యాగము చేయవలెను' అని పలుకు వక్త త్యాగమునకు మిమ్మును, ఫలమునకు తమ్మును ఉద్దేశించుటయు ఇట్టిదే. 'మేము' అని వ్రాయు పత్రికాధిపతులును ఆ 'మేము'లో చదువరి కెంత చోటున్నదో తలపోయవలసినదే.

ఈ మాట నిజముగా చెల్లినప్పుడు ఏమగునో మన ప్రాంతము చూచియున్నది. చీరాల, పేరాల గ్రామముల ప్రజలు పురపాలకసంఘమును, దాని పన్నులను నిరాకరించి, 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి వెంట ఇండ్లు విడిచి, ఊరివెలుపల రామనగరమను పేర గుడిసెలు వేసికొని నెలలతరబడి కాపురముండిరి. ఎవరికి వారు 'మా యిల్లు' అనుకొన్నచో ఒక్క యిల్లును కదలియుండదు. 'మన యూరు' అనుకొన్నందున ఊరే కదలినది.

ఆ మాట చెల్లనప్పుడు ఏమగునో కూడ మన ప్రాంతము చూచియున్నది. చీరాలకు సమీపముననే, నాటి ప్రకాశము జిల్లాలోని కారంచేడులో, 1985 జూలై 17వ తేదీన ఆరుగురు దళితులు చంపబడిరి. తగవు పుట్టినది చెఱువుగట్టున. తాము త్రాగు నీటిని మురికి చేయవలదని దళితవాడవారు అడ్డు చెప్పిరి. చెఱువు 'మన'దైయున్న అది మంచి మాట. చెఱువు 'మా'దన్నవారి చెవికి అది ధిక్కారము. సర్వనామము హత్య చేసెనని నేననను. హత్యకు పూర్వము ఎన్నో యేండ్లు ఆ సర్వనామము ప్రతిదినము చెఱువుగట్టున పలుకబడుచుండెనని మాత్రము చెప్పుదును.

1950 జనవరి 26 నుండి అమలులోనున్న మన రాజ్యాంగపు 17వ యధికరణము అస్పృశ్యతను రద్దు చేసినది. 1989 నాటి చట్టము దళితులను, గిరిజనులను పదుగురి యెదుట కులము పేరుతో అవమానించుటను శిక్షార్హము చేసినది. ఇవి కావలసినవే. కాని పదియేండ్ల బాలుడు కల్లములో పలికిన 'ఏమే'ను ఏ న్యాయస్థానము విచారించును? దానిని విచారింపవలసినది ఆ బాలుని యిల్లు. పుస్తకములు చదువు గృహములే ఈ పనికి పూనుకొనవలెను. అందుచే చదువరులయిన సోదరసోదరీమణులకు మూడు మనవులు చేయుచున్నాను.

ఒకటి: వయసువచ్చిన యే మనిషినైనను, వారు చేయు పని యేదైనను, 'మీరు' అనుడు, వెనుక చెప్పుకొనునప్పుడు 'వాడు', 'అది' యనక 'అతను', 'ఆమె', 'వారు' అనుడు. ఎదుట 'మీరు' అని, వారు గుమ్మము దాటగానే 'అది' యనుట పిల్లలకు రెండు పాఠములు నేర్పుట. వారు రెండవదానినే పట్టుకొందురు.

రెండు: దంపతులు ఒకే సర్వనామమున ఒండొరులను పిలుచుకొనుడు. ఇరువురును 'నీవు' అన్నను సరియే. ఇరువురును 'మీరు' అన్నను సరియే. ఒకరిది 'నువ్వు', ఒకరిది 'మీరు' అయియున్నంతకాలము ఇంటిలోని పిల్లవానికి తారతమ్యపు తొలిపాఠము అమ్మనాన్నలే చెప్పుచున్నారు.

మూడు: 'మనవాళ్ళు' అను మాటను కులమునకు వాడుట మానుడు. ఎవరైన 'మనవాళ్ళేనా?' యని యడిగిన 'అవును, తెలుగువారమే' యని చెప్పి చూడుడు. అడిగినవాడు రెండవమారు అడుగుటకు సిగ్గుపడును. పడనిచో అతని నెఱిగికొంటిరి.

ఇంటి పెద్దగారికి నా యుత్తర మిప్పుడు చెప్పుచున్నాను. అయ్యా, కాయ మీదే, పట్టా మీదే, లాభనష్టములును మీవే. 'మా కాయ' యనుట వ్యాకరణమునకు సరియే. కాని మబ్బు చూచి ముందుగా లేచినది మీరు కారు, మీ మనుమడును కాడు. ఆ ముసలమ్మ మీ యాస్తిని కోరి 'మన' యనలేదు. మీ నష్టమును తనదిగా తలచి యనినది. అట్టి మాటను దిద్దుటకు మన కధికారము లేదు. మరల కోతలకు నేను వచ్చునాటికి, ఆ బాలుడు ఆమెను 'ఏమే' యనక 'అవ్వా, మీరు కూర్చోండి, పరదా నేను కప్పుతాను' అని యనవలెను. అది నేర్పవలసినది మీరు. నేనును అక్కడనే యుంటిని గనుక, నేర్పవలసినది మనము.